సైకిలు సవారీకి మెత్త నిక్కరు

శీర్షిక చూసి కొందరు పాఠకులు విస్తుపోవచ్చు. కుటుంబమంతా కలసి చదువుకునే పత్రికలో నిక్కర్ల ప్రస్తావన ఎందుకని ప్రశ్నించవచ్చు. శరీర శుభ్రతకు, వస్త్రధారణకు సంబంధించిన విషయం ఎంత సున్నితమైనదైనా మన ఫిఖహ్ గ్రంథాలు దాపరికం లేకుండానే చర్చించాయి. స్నానం, వుజూ, మలమూత్ర విసర్జన, బహిష్టు నియమాలు, వీటిలో దేని గురించి చెప్పడానికీ ఆ గ్రంథకర్తలు మొహమాటపడలేదు. సిగ్గు పేరుతో అవసరమైన సంగతిని అడగకుండా ఊరుకుని, ఆ తర్వాత బాధపడడం మన సంప్రదాయం కాదు. కాబట్టి మేమూ నేరుగా విషయంలోకే వస్తున్నాము.

చక్కెర వ్యాధి ఉన్నవారికి, అధిక బరువుతో బాధపడేవారికి వైద్యులు ప్రతిరోజూ వ్యాయామం చేయమని చెబుతారు. మోకాళ్ల నొప్పితో ఎక్కువ దూరం నడవలేని వారికి సైకిలు మంచి ఆసరా. శరీర భారంలో అధికభాగాన్ని సీటు మోస్తుంది కనుక కీళ్లకు శ్రమ తగ్గుతుంది. ఇంటిల్లిపాదీ ఉత్సాహపడి సైకిలు కొంటారు. మొదటి వారం ఫజ్ర్ నమాజు ముగియగానే సవారీ మొదలవుతుంది. రెండో వారం రోజు విడిచి రోజు సాగుతుంది. మూడో వారానికి ఆ సైకిలు మేడమెట్ల కిందికి చేరి, దాని హ్యాండిల్ మీద తడి తువ్వాళ్లు ఆరడం మొదలవుతుంది. ఇలాంటి ఇళ్లను మేము చాలా చూశాము. ఎందుకు మానేశారని అడిగితే పురుషులు తీరిక దొరకడం లేదంటారు, స్త్రీలు నవ్వి ఊరుకుంటారు.

అసలు కారణాలు చాలావరకు రెండే. మొదటిది కూర్చునే చోట కలిగే నొప్పి, ఒరిపిడి. రెండోది ఆ నొప్పికి విరుగుడంటూ దుకాణంలో చూపించే బిగుతైన నల్ల నిక్కరుతో వీధిలోకి రావడానికి మనస్సు అంగీకరించకపోవడం. ప్యాడెడ్ షార్ట్స్ అని పిలిచే ఆ నిక్కరును పైకి కనిపించే దుస్తుగా భావించడం వల్లనే ఈ రెండో ఇబ్బంది వచ్చింది. నిజానికి దాని పని లోదుస్తు పని. బనియను ఎలా చొక్కా కింద ఉంటుందో, ఇదీ అలాగే వదులైన పైదుస్తు కింద ఉండవచ్చు. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే మిగిలినదంతా కొలతలకూ కుట్టుకూ సంబంధించిన వ్యవహారమే.

నొప్పి ఎక్కడ పుడుతుంది?

కుర్చీలో కూర్చున్నప్పుడు మన బరువు పిరుదుల మీద, తొడల మీద విస్తారంగా పరచుకుంటుంది. సైకిలు సీటు మీద ఆ వెసులుబాటు లేదు. కటి ఎముక అడుగున ఇరువైపులా ఉండే రెండు ఎముక గుబ్బలే అక్కడ భారాన్ని మోయాలి. గట్టి అరుగు మీద కూర్చుని, అరచేతులు కింద పెట్టి చూసుకుంటే అవి చేతికి తగులుతాయి. ఆ రెండింటి మధ్య దూరం మనిషిని బట్టి సుమారు 10 నుంచి 14 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. స్త్రీల కటి నిర్మాణం సహజంగానే వెడల్పైనది కనుక వారిలో ఈ దూరం సగటున కొంత ఎక్కువ. భర్త కోసం కొన్న నిక్కరు భార్యకూ సరిపోతుందిలే అనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది. మెత్త ఒకచోట, ఎముక మరొకచోట ఉంటే ఆ మెత్త ఉండీ ప్రయోజనం లేదు.

ఆ గుబ్బల మధ్యనున్న మృదువైన భాగం గుండా మర్మావయవాలకు చేరే నాడులు, రక్తనాళాలు సాగుతాయి. బరువు ఎముకల మీద నిలవకుండా ఆ మధ్యభాగం మీద పడితే తిమ్మిరి పుడుతుంది. కొద్ది రోజుల్లో అలవాటైపోతుందని దానిని ఓర్చుకోవడం తగదు. పది పదిహేను నిమిషాలకొకసారి పెడళ్ల మీద లేచి నిలబడి, కొన్ని క్షణాలపాటు ఆ భాగానికి రక్తప్రసరణ అందనివ్వాలి. దిగిన తర్వాత కూడా తిమ్మిరి వీడకపోతే, లేదా ప్రతి సవారీలోనూ తిరిగి వస్తుంటే, సైకిలు పక్కన పెట్టి వైద్యుణ్ణి సంప్రదించాలి.

ఇక చర్మం. నిమిషానికి 70 సార్లు పెడలు తిప్పే వ్యక్తి ఒక గంటలో 4,200 సార్లు తొడను సీటు అంచుకు ఒరుస్తాడు. మన ఎండలకు అక్కడ చేరిన చెమట చర్మాన్ని నానబెడుతుంది. నానిన చర్మం మీద జీన్సు ప్యాంటు నడిమి కుట్టు, ఆ నాలుగు పొరల ముడి, ఆకురాయిలా పనిచేస్తుంది. ముందు ఎర్రబడుతుంది, తర్వాత మంట, ఆ తర్వాత కురుపు. చక్కెర వ్యాధి ఉన్నవారిలో చిన్న పుండైనా ఆలస్యంగా మానుతుంది కాబట్టి, ఆరోగ్యం కోసం మొదలుపెట్టిన పని వారికి కొత్త అనారోగ్యాన్ని తెచ్చిపెట్టగలదు. మెత్త నిక్కరు చేసే మేలులో సగానికి సగం ఇక్కడే ఉంది. అది ఒరిపిడిని తగ్గిస్తుంది, చెమటను చర్మం మీద నిలవనివ్వదు, ఎముకల కింది ఒత్తిడిని కొంచెం వెడల్పుగా పంచుతుంది.

పూర్వం ఐరోపాలో సైకిలు పందేలవారు ఉన్ని నిక్కర్లు ధరించేవారు. వాటి లోపల షామీ అనే కొండమేక వంటి జంతువు తోలును కుట్టేవారు. ఉతికి ఆరవేస్తే ఆ తోలు అట్టలా బిగుసుకుపోయేది. దానిని మెత్తబరచడానికి లేపనాలు పూసేవారు. 1958లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త సాగే కృత్రిమ నూలును రూపొందించాడు. లైక్రా అన్న వ్యాపారనామంతో మనకు తెలిసినది అదే. కాలక్రమంలో ఉన్ని స్థానాన్ని ఆ నూలు, తోలు స్థానాన్ని కృత్రిమ వస్త్రంతో కప్పిన స్పాంజి ఆక్రమించాయి. తోలు పోయినా పేరు మాత్రం మిగిలింది. దుకాణదారుడు షామీ అని అంటే అది నేటి స్పాంజి మెత్తే తప్ప జంతుచర్మం కాదు. ఈ విషయంలో శంకించవలసిన పని లేదు.

మందం చూసి మోసపోవద్దు

ఎక్కువమంది చేసే పని, ఉన్నవాటిలో దళసరి మెత్తను ఎంచుకోవడం. పరుపు కొన్నట్టు నొక్కి చూసి, ఎంత మెత్తగా దిగితే అంత సుఖమనుకుంటారు. చవకరకం స్పాంజి కూర్చోగానే ఎముకల కింద పూర్తిగా అణిగిపోతుంది. అణిగిన పదార్థం పక్కలకు, మధ్యకు ఉబికి, ఏ భాగం మీద ఒత్తిడి పడకూడదో సరిగ్గా ఆ భాగాన్నే నొక్కుతుంది. పైగా దళసరి స్పాంజి చెమటను పట్టి ఉంచుతుంది, వేడిని బయటికి పోనివ్వదు. జెల్ నింపిన మెత్తలదీ ఇదే తీరు. దుకాణంలో చేతికి హాయిగా తోస్తాయి, మండుటెండలో గంట గడిచేసరికి బరువెక్కి ఉక్కపోస్తాయి.

చూడవలసినది సాంద్రత. మంచి తయారీదారులు దీనిని ఘనపు మీటరుకు ఇన్ని కిలోలని చీటీ మీద ముద్రిస్తారు. అరగంట, ముప్పావు గంట సవారీకి 60 నుంచి 80 వరకు ఉన్న స్పాంజి సరిపోతుంది. రెండు మూడు గంటలు సీటు మీదే ఉండేవారికి ఎముకల కింద 100, 120 దాకా ఉండాలి. అంకెలు రాయని చోట బొటనవేలే పరికరం. ఎముకలు ఆనే చోట గట్టిగా నొక్కితే వేలికి అవతలి వేలు సులభంగా తగలకూడదు, వదలగానే గుంట వెంటనే పూడాలి. నొక్కిన గుంట నింపాదిగా పైకి లేస్తుంటే దానిని పక్కన పెట్టేయవచ్చు.

ఎముకల మధ్య దూరాన్ని ఇంట్లోనే కొలుచుకోవచ్చు. మడతలున్న అట్టపెట్టె నుంచి ఒక ముక్కను కత్తిరించి గట్టి బల్ల మీద పరవండి. పలుచని పైజామాతో దాని మీద కూర్చుని, మడమలు కొంచెం పైకి లేపి, ముందుకు వంగి, అర నిమిషం అలాగే ఉండండి. లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు కనిపిస్తాయి. స్పష్టంగా లేకపోతే సుద్దముక్కను అడ్డంగా రుద్దితే బయటపడతాయి. ఒక గుంట నడిమి నుంచి మరో గుంట నడిమికి ఉన్న దూరమే మీ కొలత. నిక్కరును తిరగేసి, మెత్తలో దళసరిగా ఉన్న రెండు భాగాలూ ఆ కొలతకు సరిపడుతున్నాయో లేదో స్కేలుతో చూసుకోవచ్చు. స్త్రీలు దుకాణంలో నలుగురి మధ్య వేసి చూసుకోనక్కరలేకుండా ఈ పద్ధతి మేలు చేస్తుంది.

కూర్చునే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. నిటారుగా కూర్చుని తొక్కే పాత తరహా సైకిలుకు మెత్త వెనుక భాగంలో వెడల్పుగా ఉండాలి. వంగి తొక్కే రేసు సైకిలుకు కొంత ముందుకు సాగి ఉండాలి. ఏ రకమైనా లోపలి కుట్లు చేతికి తగలకుండా చదునుగా ఉండాలి. మెత్త అంచు మొద్దుగా తెగిపోకుండా క్రమంగా పలుచబడి వస్త్రంలో కలిసిపోవాలి. కొన్ని నాలుగు ముక్కలతో, కొన్ని ఆరు, ఎనిమిది ముక్కలతో కుడతారు. ముక్కలు ఎక్కువైతే ఒంటి ఆకారానికి బాగా అమరుతుందంటారు గాని, వస్త్రం బాగా సాగేదైతే తక్కువ ముక్కలదీ చక్కగానే అమరుతుంది. ఆ ఒక్క కారణానికి రెట్టింపు సొమ్ము చెల్లించవలసిన అవసరం మాకు కనిపించలేదు.

కొలత మాత్రం రాజీపడకూడని అంశం. నిలబడినప్పుడు కాస్త బిగువుగా, హ్యాండిల్ పట్టుకునే భంగిమలో వంగినప్పుడు హాయిగా ఉన్నదే సరైనది. వదులైన నిక్కరులో మెత్త ఒంటికి అంటకుండా అటూ ఇటూ జరిగి, లేని ఒరిపిడిని పుట్టిస్తుంది. తొడల దగ్గర పట్టీ మరీ గట్టిగా ఉండి గీతలు పడేలా చేస్తే ఒక సైజు పైకి వెళ్లాలి. భుజాల మీదుగా పట్టీలుండే రకం కూడా ఒకటి దొరుకుతుంది. నడుము దగ్గర ఎలాస్టిక్ బిగింపు లేదు కనుక పొట్ట ఉన్నవారికి అది సుఖమే. అయితే కాలకృత్యాలకు వెళ్లిన ప్రతిసారీ చొక్కా విప్పవలసి వస్తుంది. దారిలో మసీదు దగ్గర ఆగి, తహారత్ చేసుకుని జమాఅత్ అందుకోవాలనుకునే వారికి నడుము రకమే అనువైనది.

పైన ఏమి ధరించాలి?

అధికసంఖ్యాకులైన ఫిఖహ్ పండితుల దృష్టిలో పురుషుడు నాభి నుంచి మోకాలి వరకు కప్పుకోవాలి. హనఫీ పండితులు మోకాలిని కూడా సతర్‌లోనే చేరుస్తారు. సైకిలు నిక్కర్లు చాలావరకు మోకాలికి పైనే ఆగిపోతాయి, కిందికి దిగేవి కూడా ఒంటికి అంటిపెట్టుకుని ఉంటాయి. చర్మం కనిపించనంతవరకు నమాజు నెరవేరుతుందని, అవయవాల ఆకృతి బయటపడే దుస్తులు మాత్రం అభిలషణీయం కావని పండితులు చెబుతారు. రుకూలోకి, సజ్దాలోకి వెళ్లినప్పుడు వెనుక వరుసలోని వారికి కలిగే ఇబ్బందిని వేరుగా చెప్పనవసరం లేదు.

దీనికి మార్గం సులభమే. కొండదారుల్లో వదులు ప్యాంట్లతో తొక్కేవారి కోసం లైనర్ అనే పలుచని మెత్త నిక్కరును తయారుచేస్తున్నారు. జల్లెడలాంటి వస్త్రంతో, లోపల ధరించడానికే ఉద్దేశించినది అది. గాలి ఆడుతుంది కనుక మన వాతావరణానికి మిగతావాటికంటే అదే నయం. దాని మీద నడుముకు ఎలాస్టిక్ ఉన్న, పలుచని, త్వరగా ఆరే వదులు ప్యాంటు వేసుకోవాలి. కుడికాలి అంచు చైనులో పడకుండా చీలమండ దగ్గర ఒక పట్టీ చుట్టాలి. జీన్సు మాత్రం వద్దు. మోకాళ్ల దాకా దిగే కుర్తా వెనుక భాగం సీటు కొసకు తగులుకుంటుంది కనుక సవారీకి పొట్టి కుర్తా మేలు.

సోదరీమణుల విషయంలో మరికొంత వివరంగా చెప్పాలి. ఎందుకంటే వ్యాయామం మానేస్తున్నవారిలో వారే ఎక్కువ, వారిని ప్రోత్సహించేవారే తక్కువ. సల్వారు కింద ధరించిన లైనర్ పైకి ఏమాత్రం తెలియదు. సల్వారు పాదాల దగ్గర సన్నగా ఉండేలా చూసుకోవాలి. దుపట్టాను రెండు భుజాల దగ్గర పిన్నులతో బిగించి, కొసలను లోపలికి దోపుకోవాలి. అబాయాతో తొక్కదలచినవారు ముందు నడుమ కడ్డీ కిందికి వంగి ఉండే లేడీస్ సైకిలును, చైనును పూర్తిగా మూసే కవరును, వెనుక చక్రానికి ఇరువైపులా జాలీని అమర్చుకోవాలి. చక్రంలో గుడ్డ చిక్కుకుంటే మనిషి వెనక్కి పడిపోతుంది. ఈ ప్రమాదం ముందు నిక్కరు ఎంపిక చాలా చిన్న విషయం. నెలసరి రోజుల్లో శానిటరీ నాప్కిన్ అంచులు మెత్తతో ఒరుసుకుని బాధిస్తాయి. ఆ రోజుల్లో దూరం తగ్గించుకోవడమో, సవారీ మానడమో ఉత్తమం.

చాలామందికి మింగుడుపడని నియమం ఒకటుంది. మెత్త నిక్కరు లోపల మరో లోదుస్తు వేసుకోకూడదు. నూలు డ్రాయరు చెమటను పీల్చి తడిగా ఉండిపోతుంది, దాని కుట్లు సరిగ్గా ఎముకల కిందికే వస్తాయి. ఒరిపిడి ఆపడానికి కొన్న వస్తువు ఒంటికి తగలకుండా పోతుంది. ఇది స్వయంగా లోదుస్తు కనుక దీని లోపల ఇంకొకటి అక్కరలేదు. దూరప్రయాణానికి ముందు తొడల మడతల్లో చర్మానికి పలుచగా పెట్రోలియం జెల్లీ రాయవచ్చు. కొబ్బరినూనె స్పాంజిలోకి ఇంకి, ఎంత ఉతికినా వదలక, కొన్నాళ్లకు కంపు కొడుతుంది.

చెమట అశుద్ధం కాదు కాబట్టి చెమటపట్టిన నిక్కరుతో నమాజు చేయకూడదనేమీ లేదు. పుండు చితికి రక్తమో చీమో కారితే మాత్రం హనఫీ ఫిఖహ్ ప్రకారం వుజూ భంగమవుతుంది, మరక పడిన వస్త్రాన్నీ చూసుకోవాలి. ఆరోగ్యరీత్యా చూస్తే సవారీ ముగిశాక తడి నిక్కరుతో కూర్చుని చాయ్ తాగుతూ కబుర్లలో పడడమే కురుపులకు మొదటి కారణం. దిగగానే విప్పి, ఆ భాగాన్ని కడిగి, పొడిగా తుడుచుకోవాలి.

ఒకసారి వేసుకున్న నిక్కరును ఉతకకుండా మళ్లీ వేసుకోకూడదు. తిరగేసి, చల్లని నీటిలో, తక్కువ ఘాటున్న సబ్బుతో ఉతకాలి. బండకేసి బాదినా, మెలితిప్పి పిండినా స్పాంజి విరిగిపోతుంది. సువాసన కోసం కలిపే కండిషనరు నూలుకు పొరలా పట్టి, చెమట పీల్చే గుణాన్ని పోగొడుతుంది. బ్లీచింగు, ఇస్త్రీ రెండూ పనికిరావు. మెత్త వైపు పైకి ఉండేలా గాలి వచ్చే నీడలో ఆరవేయాలి. వర్షాకాలంలో ఒక రాత్రికి ఆరదు కనుక రోజూ తొక్కేవారికి రెండు ఉండాలి. ఉమ్మడి కుటుంబాల్లో అన్నదమ్ముల బట్టలు చేతులు మారడం మామూలే గాని, ఈ వస్తువును ఎవరిది వారే వాడుకోవాలి.

అందరికీ అవసరమా?

అక్కరలేదు. పాలకో, కూరగాయలకో కిలోమీటరు దూరం వెళ్లివచ్చే పెద్దాయనకు, స్ప్రింగుల వెడల్పు సీటున్న పాత సైకిలుకు ఇది వృథా ఖర్చు. బడికి వెళ్లే పిల్లలకూ అంతే. సీటు ఎత్తు తప్పుగా ఉన్నప్పుడు ఎంత ఖరీదైన నిక్కరైనా ఆదుకోదు. పెడలును అడుగుకు దించి దాని మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాపినట్టుండాలి. అంతకంటే ఎత్తైతే నడుము అటూ ఇటూ ఊగి ఒరిపిడి రెట్టింపవుతుంది. సీటు ముక్కు పైకి లేచి ఉంటే తిమ్మిరి ఖాయం. ముందు సీటును సమతలంగా సరిచేయించి, వారం రోజులు తొక్కి చూసి, అప్పటికీ బాధ ఉంటే నిక్కరు సంగతి ఆలోచించండి. సైకిలు షాపులో ఈ సర్దుబాటుకు పెద్ద ఖర్చేమీ కాదు.

గంటకు పైబడిన సవారీకి దీని విలువ తెలుస్తుంది. హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన 2023లో ప్రారంభమైన, సౌర ఫలకాల నీడలో సాగే 23 కిలోమీటర్ల సైకిలు మార్గం మీద సెలవురోజు ఉదయం వెళ్లేవారిలో చాలామంది దీనిని ధరించే ఉంటారు. వారికంటే ఎక్కువ అవసరం ఉన్నవారు వేరే ఉన్నారు. నగరాల్లో సైకిళ్ల మీద ఇంటింటికీ ఆహారం చేరవేసే యువకులు పొద్దంతా సీటు మీదే ఉంటారు, అదీ జీన్సు ప్యాంట్లతో. దుకాణాల్లో ఈ సరుకు క్రీడాసామగ్రి అరలో ఉండడం వల్ల అది తమ కోసమని వారికి తోచదు. వెయ్యి రూపాయల లోపు నుంచి పదివేలు దాటే దాకా రకరకాల ధరల్లో ఇవి దొరుకుతున్నాయి. పై పరీక్షలకు నిలిచే సాదా లైనర్ ఆ యువకులకు చాలు. ఇంట్లో అలాంటి కుర్రవాడు ఉంటే పండుగకు మరో చొక్కా బదులు ఇది కొనివ్వవచ్చు.

నిక్కరు ఆయుష్షు వాడకాన్ని బట్టి ఉంటుంది. వస్త్రాన్ని రెండు చేతులతో సాగదీసి వెలుతురుకు పెట్టినప్పుడు అవతలి వైపు కనిపిస్తున్నా, బొటనవేలు నొక్కిన గుంట పూడకపోయినా, తొడ పట్టీ జారుతున్నా దాని పని అయిపోయినట్టే. అలాంటిదానిని తమ్ముడికి ఇవ్వకండి. మెత్తను కత్తిరించి పారవేస్తే మిగిలిన గుడ్డ సైకిలు చైను తుడవడానికి పనికొస్తుంది.